లండన్ ట్యూబ్ స్టేషన్ పేర్ల పజిల్ కార్డులు: కొనండి, కానీ రూల్స్ మాత్రం మీరే రాసుకోండి

ముందే చెప్పేస్తున్నాను, ఈ పెట్టె కొనొచ్చు. లండన్ అండర్‌గ్రౌండ్, అంటే ఊళ్లో అందరూ ట్యూబ్ అని పిలిచే మెట్రో, దాని స్టేషన్ల పేర్ల మీద అల్లిన పజిల్ కార్డులివి. ఒక్కో కార్డుకి ముందువైపు ప్రశ్న, వెనకవైపు జవాబు ఉంటాయి, వాటితో పాటు మడతపెట్టిన మ్యాప్ ఒకటి, చిన్న పుస్తకం ఒకటి ఇస్తారు. ప్రశ్నల్లో చాలావరకు నిజంగా బాగున్నాయి, కొన్నయితే రోజూ ఎక్కి దిగే స్టేషన్ పేరుని కూడా ఆగి చదివిస్తాయి. కానీ తయారుచేసినవాళ్లు ఒక్క విషయం తేల్చకుండా వదిలేశారు: వాళ్ల లెక్కలో స్టేషన్ అంటే ఏది? ఈ ఒక్క ముక్క రూల్స్‌లో రాసి ఉంటే కళ్లు మూసుకుని కొనమని చెప్పేవాణ్ణి. రాయలేదు కాబట్టే ఈ రివ్యూ ఇంత పొడుగైంది.

ఈ తరహా పజిల్స్ ఎప్పుడూ ఆడనివాళ్ల కోసం ఒక ప్రశ్న చూద్దాం. ఇది ఈ పెట్టెవాళ్లు కనిపెట్టింది కాదు, లండన్‌లో పబ్ క్విజ్‌లకి వెళ్లేవాళ్లలో చాలామందికి ఎప్పటినుంచో తెలిసిందే. మ్యాకరెల్ అనే చేప పేరులో ఉన్న అక్షరాల్లో ఒక్కటి కూడా లేని స్టేషన్ ఏది? మ్యాకరెల్ స్పెల్లింగ్‌లో వచ్చేవి ఎం, ఏ, సీ, కే, ఈ, ఆర్, ఎల్. ఈ ఏడింటినీ తప్పించుకున్న పేరు 272 ట్యూబ్ స్టేషన్లలో ఒకే ఒక్కటి ఉంది, సెయింట్ జాన్స్ వుడ్. అది కూడా మ్యాప్ మీద సెయింట్ అన్న మాటని ఎస్, టీ అని పొట్టిగా రాస్తారు కాబట్టి బతికిపోయింది, పూర్తిగా రాస్తే మధ్యలో ఏ వచ్చి కూర్చునేది.

జవాబు తెలిస్తే ఇంతేనా అనిపిస్తుంది కానీ మజా అంతా వెతకడంలో ఉంది. మ్యాప్ ముందేసుకుని ఒక మూల నుంచి పేర్లన్నీ చదువుకుంటూ పోతే కాసేపటికి విసుగొచ్చేస్తుంది. దీనికో కిటుకు ఉంది. ముందు ఏ, ఈ అనే రెండు అచ్చుల్ని పట్టుకోవాలి. రోడ్, పార్క్, స్ట్రీట్, లేన్, గ్రీన్, గేట్, స్క్వేర్, ఈస్ట్, వెస్ట్, ఈ మాటల్లో ఏది కనబడ్డా ఆ పేరు పోయినట్టే, ఎందుకంటే వీటన్నిటి స్పెల్లింగ్‌లోనూ ఆ రెండిట్లో ఒకటి ఉంది. ఒక్క దెబ్బతో మ్యాప్ సగానికి పైగా ఖాళీ అవుతుంది. ఆ తర్వాత మిగిలిన కొద్ది పేర్ల మధ్య అసలు పోటీ మొదలవుతుంది. బ్రిక్స్‌టన్ చివరిదాకా వచ్చి ఒక్క ఆర్ దగ్గర ఆగిపోతుంది. సడ్‌బరీ టౌన్‌ది కూడా అదే కథ, అందులో ఉన్న ఒకే ఒక్క ఆర్ దాన్ని ముంచేస్తుంది. లౌటన్ ఎల్ వల్ల పోతుంది. పిమ్లికోలో ఏకంగా మూడు దొరుకుతాయి. ఇలా ఒక్కో పేరూ అంచుదాకా వచ్చి పడిపోతుంటే కలిగే ఉత్కంఠ కోసమే జనం ఈ ఆట ఆడేది.

పిమ్లికోకి దాని ప్రశ్న దానికి వేరే ఉంది. బ్యాడ్జర్ అనే జంతువు పేరులోని అక్షరాలు, అంటే బీ, ఏ, డీ, జీ, ఈ, ఆర్, వీటిలో ఏదీ లేని ట్యూబ్ స్టేషన్ అదొక్కటే. విక్టోరియా లైన్లో వేరే రైలుకి మారే వీలు లేని స్టేషన్ కూడా అదొక్కటే, అందుకని రెండు రకాలుగా ఒంటరిది. అండర్‌గ్రౌండ్ అన్న మాటలోని అక్షరాల్లో ఏదీ లేని అండర్‌గ్రౌండ్ స్టేషన్ ఏదన్నది ఇంకో కార్డు, జవాబు బాలమ్. పెట్టె మొత్తంలో నాకు బాగా నచ్చిన ప్రశ్నల్లో ఇదొకటి. అడిగిన తీరులోనే ఒక గమ్మత్తు ఉంది, జవాబు కూడా ఆరే అక్షరాలు.

అచ్చుల కార్డు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఏ, ఈ, ఐ, ఓ, యూ అయిదూ ఉన్న స్టేషన్లేవి అని అడుగుతుంది. జవాబులు రెండు, సౌత్ ఈలింగ్, మాన్షన్ హౌస్. ఇది ఆడుతున్నప్పుడు దగ్గరదాకా వచ్చి తప్పిపోయే పేర్లు చూడండి ఎంత బాగుంటాయో. టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ అంత పొడుగు పేరే, అయినా అందులో ఐ లేదు. రైస్లిప్ మానర్‌లో ఈ లేదు. సౌత్ కెన్సింగ్‌టన్‌లో ఏ లేదు. గ్లాస్టర్ రోడ్ ఇంకా చిత్రం, చెవికి వినబడే పేరుని బట్టి చూస్తే అందులో యూ ఉంటుందని ఎవరూ అనుకోరు, స్పెల్లింగ్‌లో మాత్రం ఉంది, ఐ ఒక్కటీ ఉంటే అయిదూ పూర్తయ్యేవి. రైల్లో అనౌన్స్‌మెంట్ వింటూ పేర్లు నేర్చుకున్నవాళ్లకి ఇక్కడే టెన్షన్. లెస్టర్ స్క్వేర్, సదర్క్, గ్లాస్టర్ రోడ్, ఇవన్నీ పలికేది ఒకటి, రాసేది ఒకటి. అందుకే అక్షరాల కార్డులు ఆడేటప్పుడు మ్యాప్ బల్ల మీద పరిచి ఉంచడం మంచిది, జ్ఞాపకం మీద ఆడితే గొడవలే మిగులుతాయి.

ఇక అసలు సంగతి. మా అన్నయ్య కూతురు మ్యాకరెల్ కార్డు చేతిలో పట్టుకుని, పెట్టెలో వచ్చిన మ్యాప్ మీద వేలు పెట్టి, "బాబాయ్, హాక్స్‌టన్‌లో కూడా అవేవీ లేవు కదా" అంది. నిజమే, లేవు. హెచ్, ఓ, ఎక్స్, టీ, ఓ, ఎన్, అంతే. పిల్ల అంతటితో ఆగకుండా బ్యాడ్జర్ కార్డు కూడా తీసి చూసింది, అక్కడా హాక్స్‌టన్ పాస్. అంటే కార్డులు "ఒక్కటే" అని గట్టిగా చెబుతున్న రెండు జవాబులూ ఒకే ఒక్క స్టేషన్ దెబ్బకి పోయాయి. హాక్స్‌టన్ 2010లో మొదలైన స్టేషన్, అది ఓవర్‌గ్రౌండ్ అనే వేరే రైళ్ల వ్యవస్థలో ఉంది, ట్యూబ్‌లో లేదు. కాబట్టి ప్రశ్నలో ట్యూబ్ అన్న మాట ఉంటే జవాబు ఒక్కటే, ఉత్తినే స్టేషన్ అని అడిగితే రెండు. కార్డు మీద ఉన్నది ఉత్తి స్టేషనే. దానికి తోడు పెట్టెలో ఇచ్చిన మ్యాప్ మీద ట్యూబ్, ఓవర్‌గ్రౌండ్, డీఎల్ఆర్ అనే డాక్‌ల్యాండ్స్ లైట్ రైల్వే, ఎలిజబెత్ లైన్ అనే ఇంకో రైలు మార్గం అన్నీ కలిపి అచ్చేశారు. ఆ పిల్ల చెప్పిన జవాబు తప్పని ఏ మొహం పెట్టుకుని అంటాం? నేను పాయింటు ఇచ్చేశాను.

ఆ తర్వాత "ఒక్కటే", "రెండే" అని చెప్పే కార్డులన్నీ ఒకసారి తీసి మ్యాప్‌తో సరిచూశాను. బాలమ్ కార్డుకి డీఎల్ఆర్‌లో ఉన్న బ్లాక్‌వాల్ అడ్డొస్తుంది, అందులోనూ అండర్‌గ్రౌండ్ అక్షరాలు ఒక్కటీ లేవు. అచ్చుల కార్డుకి రెండు పోటీలున్నాయి. ఓవర్‌గ్రౌండ్‌లో కాలిడోనియన్ రోడ్ అండ్ బార్న్స్‌బరీ, డీఎల్ఆర్‌లో కటీ సార్క్ ఫర్ మారిటైమ్ గ్రెనిచ్, రెండిటి స్పెల్లింగ్‌లోనూ అయిదు అచ్చులూ ఉన్నాయి. అంటే ఈ పెట్టెలో పేరున్న పెద్ద ప్రశ్నలన్నీ ట్యూబ్ గడప దాటితే నిలబడవు. ప్రశ్నల్లో లోపం లేదు, ట్యూబ్ వరకు చూస్తే అవి ముత్యాల్లాంటివి. హద్దు గీయకపోవడమే లోపం.

ఇదేదో చాదస్తం అనుకునేవాళ్లు ఉంటారు. కాదు. ఏదో ఒక జాబితాలో ఒకే ఒక్కటి అని చెప్పే పజిల్‌కి ఆ జాబితానే పునాది. లండన్‌లో ఆ జాబితా ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది కూడా. 1863 జనవరిలో పాడింగ్‌టన్ నుంచి ఫారింగ్‌డన్ దాకా మొదటి లైను నడిచినప్పుడు ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1987లో డీఎల్ఆర్ వచ్చింది, 2007లో ఓవర్‌గ్రౌండ్, 2022 మేలో ఎలిజబెత్ లైన్. అన్నీ ఒకే మ్యాప్ మీద కనిపిస్తాయి, ఒకే కార్డుతో ట్యాప్ చేసి వెళ్లొచ్చు, కానీ అండర్‌గ్రౌండ్ అని లెక్కలోకి వచ్చేవి 11 లైన్లే. ఊళ్లో రోజూ తిరిగేవాళ్లలో కూడా ఈ తేడా పట్టించుకోనివాళ్లే ఎక్కువ. అలాంటప్పుడు రూల్స్ కాగితంలో ఒక్క వాక్యం రాయడానికి ఏమైంది?

పుస్తకంలో ఇంకో పొరపాటు ఉంది. ట్యూబ్ స్టేషన్లు మొత్తం 270 అని రాశారు. 2021 సెప్టెంబర్ 20న నార్దర్న్ లైన్ పొడిగించి నైన్ ఎల్మ్స్, బాటర్‌సీ పవర్ స్టేషన్ మొదలుపెట్టినప్పటి నుంచి అవి 272. విచిత్రం ఏంటంటే మ్యాప్ మాత్రం కొత్తదే, 2024లో ఓవర్‌గ్రౌండ్ లైన్లకి పెట్టిన లయనెస్, మైల్డ్‌మే, విండ్‌రష్ లాంటి పేర్లన్నీ అందులో ఉన్నాయి. పాత ప్రశ్నలు, పాత పుస్తకం పెట్టి మ్యాప్ ఒక్కటీ మార్చినట్టున్నారు. ఈ రెండు విషయాలూ రాసి అమ్మినవాళ్లకి మెయిల్ పెట్టాను. మర్యాదగానే జవాబిచ్చారు, మళ్లీ అచ్చువేసినప్పుడు చూస్తామన్నారు. సవరణ కాగితం లాంటిదేదైనా పంపిస్తారా అని అడిగితే దానికి మాత్రం జవాబు రాలేదు.

సరే, తిట్టాల్సింది తిట్టాను, ఇప్పుడు మెచ్చుకోవాల్సింది కూడా చెప్పాలి. ఈ పెట్టెలో పాత పేర్ల విభాగం ఒకటుంది, దాని కోసమే డబ్బులు పెట్టొచ్చు. కార్డు మీద ఇప్పుడు లేని పేరు ఒకటి ఇస్తారు, అది ఈరోజు ఏ స్టేషనో చెప్పాలి. గిలెస్పీ రోడ్ అంటే ఆర్సెనల్. ఫుట్‌బాల్ క్లబ్ పేరు మీద 1932లో మార్చారు, ప్లాట్‌ఫామ్ గోడ మీద పలకల్లో పాత పేరు పెద్ద అక్షరాల్లో ఇప్పటికీ ఉంది, ఈసారి అటు వెళ్తే రైలు దిగి చూడండి. పోస్ట్ ఆఫీస్ అంటే 1937 నుంచి సెయింట్ పాల్స్. డోవర్ స్ట్రీట్ అంటే గ్రీన్ పార్క్, 1933. గ్రేట్ సెంట్రల్ అంటే మెరిలబోన్, అక్కడ కూడా పలకల మీద పాత పేరు కనిపిస్తుంది. ఈస్ట్‌చీప్ అన్న పేరు 1884లో కొన్ని వారాలు మాత్రమే ఉండి మాన్యుమెంట్‌గా మారిపోయింది. ఇవి స్పెల్లింగ్ చూసి తేల్చేవి కావు, వీటికి ఊరి కథ తెలియాలి, లేదా మ్యాప్ చూసి చుట్టుపక్కల ఏముందో ఆలోచించి ఊహించాలి. సెయింట్ పాల్స్ చర్చి ఎప్పటినుంచో అక్కడే ఉన్నా స్టేషన్‌కి ఆ పేరు అంత ఆలస్యంగా రావడం నాకు ఈ కార్డు చూశాకే తెలిసింది.

ఈ విభాగంలో మకుటం లాంటి కార్డు చారింగ్ క్రాస్‌ది. "1970లో చారింగ్ క్రాస్ అని టికెట్ కొన్నవాడు ఈరోజు ఏ స్టేషన్లో దిగినట్టు?" అని అడుగుతుంది. వెంటనే నోటికొచ్చే జవాబు చెబితే ఔట్. అప్పట్లో అండర్‌గ్రౌండ్‌లో చారింగ్ క్రాస్ అని పిలిచింది ఇప్పటి ఎంబాంక్‌మెంట్‌ని. ఇప్పటి చారింగ్ క్రాస్ 1979లో జూబ్లీ లైన్ వచ్చినప్పుడు ట్రఫాల్గర్ స్క్వేర్, స్ట్రాండ్ అనే రెండు స్టేషన్లని కలిపితే పుట్టింది. పోనీ స్ట్రాండ్ అన్న పేరైనా స్థిరంగా ఉందా అంటే అదీ లేదు, అంతకుముందు 1915 దాకా ఆ పేరు ఇంకో స్టేషన్‌ది, తర్వాత ఆల్డ్‌విచ్ అని పేరు మార్చుకుని 1994లో మూతబడింది అదే. మనుషులు అక్కడే ఉన్నారు, రోడ్లు అక్కడే ఉన్నాయి, పేర్లు మాత్రం ఒక చోటు నుంచి ఇంకో చోటుకి నడిచి వెళ్లాయి. ఒక్క కార్డు వెనకాల ఇంత ఉంది. దీని జవాబు మా ఇంట్లో గంటకి పైగా మాట్లాడుకోవడానికి సరిపోయింది, మా వదిన ఫోన్లో పాత మ్యాపులు వెతికి తీసి ఒక్కొక్కటే చూపించింది.

కొత్త పేర్ల మీద కూడా రెండు ప్రశ్నలున్నాయి, బాగున్నాయి. 2018 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ తర్వాత ఇంగ్లండ్ కోచ్ గౌరవార్థం సౌత్‌గేట్ స్టేషన్‌కి రెండు రోజులు గారెత్ సౌత్‌గేట్ అని పేరు పెట్టారు. 2023లో ఫ్యాషన్ వీక్ అప్పుడు బాండ్ స్ట్రీట్ బోర్డుల మీద బర్బరీ అనే ఫ్యాషన్ కంపెనీ పేరుతో బర్బరీ స్ట్రీట్ అని రాస్తే ప్రయాణికులు దిగాలో వద్దో తెలియక తికమకపడ్డారు. డబ్బు కోసం స్టేషన్ పేరు మార్చడం నాకు అస్సలు నచ్చదు. పేరు చూసి దిగేవాళ్ల ఊరది, కొత్తగా వచ్చినవాళ్లకీ వయసైనవాళ్లకీ ఆ బోర్డే ఆధారం.

దిక్కుల కార్డులు కూడా మంచివే. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం నాలుగూ ఉన్న ఊరిపేరు ఏది? యాక్టన్. ఈస్ట్, వెస్ట్, నార్త్ ట్యూబ్‌లో ఉన్నాయి, సౌత్ యాక్టన్ ఓవర్‌గ్రౌండ్‌లో ఉంది, వీటికి యాక్టన్ టౌన్, యాక్టన్ సెంట్రల్, యాక్టన్ మెయిన్ లైన్ కలిపితే మొత్తం ఏడు. చూశారా, ఇక్కడ కార్డువాళ్లే ఓవర్‌గ్రౌండ్‌నీ ఎలిజబెత్ లైన్‌నీ లెక్కలోకి తీసుకున్నారు. మ్యాకరెల్ దగ్గర వద్దని ఇక్కడ ముద్దంటే ఎలా? సౌత్ యాక్టన్ కూడా ఒకప్పుడు డిస్ట్రిక్ట్ లైన్లో ఉండేది, 1959లో ఆ రైళ్లు ఆగిపోయాయి. ఆ మాట జవాబు వెనకాల రాసి ఉంటే ప్రశ్నకి నిండుదనం వచ్చేది.

పేర్లలో అపాస్ట్రఫీ చూసే కార్డు చిన్నదే కానీ పదునైనది. పికడిలీ లైన్లో పక్కపక్కనే ఉన్న రెండు స్టేషన్లు, ఎర్ల్స్ కోర్ట్, బారన్స్ కోర్ట్. మొదటిదానికి ఎస్ ముందు చుక్క లాంటి ఆ గుర్తు ఉంది, రెండోదానికి లేదు. ఏళ్ల తరబడి ఆ దారిలో వెళ్లినవాళ్లని అడగండి, చాలామంది చెప్పలేరు. కింగ్స్ క్రాస్, రీజెంట్స్ పార్క్, షెపర్డ్స్ బుష్‌లకి ఉంది, గోల్డర్స్ గ్రీన్, పార్సన్స్ గ్రీన్, కాలియర్స్ వుడ్‌లకి లేదు. దీనికి సూత్రం ఏమీ లేదు, చూసి గుర్తుపెట్టుకోవడమే. ఎటూ రైలు కోసం నిలబడే ఉంటాం కాబట్టి బోర్డు చదవడం కష్టమేమీ కాదు.

దాక్కున్న మాటల విభాగం పిల్లలకి బాగా నచ్చింది. పేరులో శరీరభాగం దాగి ఉన్న స్టేషన్లు చెప్పమంటుంది. ఎర్ల్స్ కోర్ట్ స్పెల్లింగ్ మొదట్లో చెవి ఉంది, చాక్ ఫార్మ్‌లో చెయ్యి ఉంది, రైస్లిప్ చివర పెదవి ఉంది. ఇది ప్రశ్నగా చక్కగా ఉంది, జవాబే కాస్త అన్యాయం. రైస్లిప్ పేరుతో అయిదు స్టేషన్లున్నాయి, రైస్లిప్, రైస్లిప్ మానర్, రైస్లిప్ గార్డెన్స్, వెస్ట్ రైస్లిప్, సౌత్ రైస్లిప్. కార్డు వెనక మాత్రం ఒక్కటే రాశారు. పాయింట్లు లెక్కపెట్టేటప్పుడు అన్నిటికీ ఇవ్వాలా, ఒక్కదానికేనా? ఎడ్జ్‌వేర్ రోడ్ పేరుతో కూడా ఇదే తంటా, అదే పేరుతో రెండు వేరు వేరు స్టేషన్లు దగ్గర దగ్గరే ఉన్నాయి, బేకర్లూ లైన్‌ది ఒకటి, సర్కిల్, డిస్ట్రిక్ట్ లైన్లది ఒకటి. హామర్‌స్మిత్ కూడా అంతే.

అక్షరాలు తారుమారు చేసే కార్డుల్లో చిన్న పేర్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. మోర్డెన్ అక్షరాలు కలిపితే మోడర్న్ అవుతుంది. టెంపుల్‌ని తిరగేస్తే పెల్మెట్, అదే కిటికీ పైన కర్టెన్ రాడ్ కనబడకుండా కట్టే పట్టీ. ఏంజెల్ అయితే యాంగిల్ అవుతుంది. ఇవి చూడగానే నవ్వొస్తుంది, వెంటనే పక్కవాళ్లకి చెప్పాలనిపిస్తుంది. పొడుగు పేర్లు మాత్రం ఏదో ప్రోగ్రాంలో పెట్టి తిప్పినట్టు ఉన్నాయి, వచ్చిన మాటలకి అర్థం పర్థం లేదు, అలాంటివి విప్పాలన్న ఆసక్తి ఎవరికీ రాదు. వాటి బదులు బెల్‌సైజ్ పార్క్ లాంటి కార్డులు ఇంకా పెట్టాల్సింది. ట్యూబ్ పేర్లలో జెడ్ ఉన్నది అదొక్కటే. నైట్స్‌బ్రిడ్జ్‌లో జీ, హెచ్, టీ, ఎస్, బీ, ఆర్ అని ఆరు హల్లులు వరసగా ఉన్నాయని చెప్పే కార్డు కూడా అలాంటిదే, ఒక్క నిమిషంలో అయిపోతుంది, మర్చిపోవడం మాత్రం కుదరదు.

బొమ్మల కార్డులు తేలిపోయాయి. ఏనుగు బొమ్మ, పక్కన కోట బొమ్మ, అదేంటో చెప్పండి అంటే ఎలిఫెంట్ అండ్ కాజిల్ అని చెప్పడానికి బుర్ర ఎందుకు? స్విస్ జెండా, పక్కన గుడిసె, అంటే స్విస్ కాటేజ్, దానికీ అంతే. ఇవి చూసినప్పుడల్లా విక్టోరియా లైన్ గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది. ఆ లైను 1968 నుంచి 1971 మధ్య దశలవారీగా మొదలైంది, ప్లాట్‌ఫామ్ మీద కూర్చునే చోట గోడ పలకల మీద ఆ స్టేషన్ పేరుని బొమ్మగా వేశారు, ఒక్కో స్టేషన్‌కి ఒక్కోటి. బ్రిక్స్‌టన్‌లో ఇటుకల గుట్ట ఉంటుంది, ఇటుకకి బ్రిక్, టన్ను బరువు ఇటుకలన్న మాట. సెవెన్ సిస్టర్స్‌లో ఏడు చెట్లు. బ్లాక్‌హార్స్ రోడ్‌లో నల్ల గుర్రం. వారెన్ స్ట్రీట్‌లో చిక్కుదారుల పజిల్ ఒకటి గీశారు, రైలు వచ్చేలోపు దారి కనుక్కోవడం కష్టం. ఫిన్స్‌బరీ పార్క్‌లో రెండు పిస్తోళ్లు, ఎందుకో తెలియాలంటే అక్కడ ఒకప్పుడు ద్వంద్వ యుద్ధాలు జరిగేవని తెలిసి ఉండాలి. చూడగానే తెలిసిపోయేవీ ఉన్నాయి, ఆలోచిస్తే కానీ అందనివీ ఉన్నాయి. బొమ్మల పజిల్ అంటే అలా ఉండాలి. ఇంత మంచి నమూనా ఊళ్లోనే గోడల మీద ఉండగా పెట్టెవాళ్లు ఏనుగు దగ్గర ఆగిపోయారు.

కార్డుల నాణ్యత బాగుంది, మందంగా ఉన్నాయి, అంచులు త్వరగా నలగవు. వెనక జవాబు పెద్దక్షరాల్లో ఉండటం వల్ల ఎదురుగా కూర్చున్నవాళ్లకి కనిపించిపోతుంది, పెట్టె మూత అడ్డం పెట్టుకుని చదవాల్సిందే. మ్యాప్ మాత్రం మరీ చిన్నగా అచ్చేశారు. స్పెల్లింగ్ చూసుకోవాల్సిన ఆటకి కంటికి ఆనని మ్యాప్ ఇస్తే ఎలా? స్టేషన్లలో ఉచితంగా దొరికే మ్యాప్ తెచ్చి పక్కన పెట్టుకున్నా, ఫోన్లో పెద్దది తెరుచుకున్నా హాయిగా ఉంటుంది. ఆడేవాళ్లు ఇద్దరు నుంచి నలుగురు అయితే బాగుంటుంది, అంతకంటే ఎక్కువైతే మ్యాప్ చుట్టూ చోటు చాలదు. లండన్ కొత్తగా వచ్చినవాళ్లకి అక్షరాల కార్డులు సులువుగా ఉంటాయి, మ్యాప్ చూసి ఎవరైనా చెప్పొచ్చు, పాత పేర్లవి కొన్నాళ్లు ఊళ్లో తిరిగాక ఆడితేనే రుచి.

డబ్బు పెట్టకుండా ఇలాంటిదే కావాలనుకునేవాళ్లకి ఒక మాట. 2013లో అండర్‌గ్రౌండ్ 150 ఏళ్ల వేడుకలకి మార్క్ వాలింగర్ అనే కళాకారుడు అప్పటి 270 స్టేషన్లకి ఒక్కోదానికి ఒక్కో చిక్కుదారి పలక తయారుచేశాడు. నలుపు తెలుపులో గుండ్రంగా ఉంటుంది, లోపలికి వెళ్లే చోట ఎర్ర గుర్తు ఉంటుంది, వేలితో దారి పట్టుకుని మధ్యలోకి వెళ్లొచ్చు. ఏ రెండు పలకలూ ఒకేలా ఉండవు. మీ స్టేషన్‌ది ఎక్కడుందో వెతకడమే ఒక ఆట.

కార్డుల పెట్టె కొంటే మాత్రం, ముఖ్యంగా ఎవరికైనా బహుమతిగా ఇస్తుంటే, ఒక చిన్న కాగితం రాసి మూత లోపల అంటించండి. మేం అంటించినదాంట్లో ఇలా ఉంది: "ఒక్కటే", "రెండే" అని ఉన్న ప్రతి ప్రశ్నకీ 11 లైన్ల ట్యూబ్ మాత్రమే లెక్క, దిక్కుల కార్డులకి మ్యాప్ మీద ఉన్నవన్నీ లెక్క. స్పెల్లింగ్ మ్యాప్ మీద ఎలా ఉంటే అలాగే, సెయింట్ అంటే రెండక్షరాలే, అండ్ గుర్తుని అక్షరాలుగా లెక్కపెట్టకూడదు. ఒకే పేరుతో రెండు స్టేషన్లుంటే ఒక పాయింటే. దాక్కున్న మాట ఎన్ని స్టేషన్లలో ఉంటే అన్ని పాయింట్లు. ట్యూబ్ బయట నుంచి హాక్స్‌టన్ లాంటిది పట్టుకొచ్చినవాళ్లకి అర పాయింటు.